రిజర్వు పెట్రోలుతో ఎంత దూరము?



మెదకు పట్టణమున మోటారు సైకిలు గలవారిని "మీ బండి రిజర్వులో ఎంత దూరము పోవును?" అని యడిగి చూడుడు. ఎవ్వరును తడుముకొనరు. ఒకరు 30 కిలోమీటర్లందురు. ఒకరు 60 అందురు. బుల్లెట్టు బండి గలవారు మీసము దువ్వి 100 అందురు. ఈ అంకె యెచ్చటిదని మరల నడిగినచో, బండి అమ్మినవారు చెప్పిరనియో, మేనమామ బండి అంత దూరము పోయినదనియో సమాధానము వచ్చును. తన బండి రిజర్వును తాను కొలిచి చూచితినని చెప్పినవా డొక్కడును నాకు తారసిల్లలేదు. నేనును చాలకాలము కొలువలేదు. నాకు ఆ బుద్ధి పుట్టించిన సంగతిని మొదట చెప్పి, పిమ్మట ఈ రిజర్వు అనుదాని స్వరూప మెట్టిదో విన్నవించెదను.

మెదకునుండి హైదరాబాదు ఇంచుమించు 100 కిలోమీటర్లు. కొల్చారము, కౌడిపల్లి, నర్సాపూరు, గుమ్మడిదల మీదుగా పోవు నీ బాట జాతీయ రహదారి. నర్సాపూరు దాటినంతనే హైదరాబాదు వైపున అడవి కలదు. పగటివేళ ఆ అడవి కన్నుల పండువుగా నుండును. కోతులు గుంపులు గుంపులుగా రోడ్డు ప్రక్కన కూర్చుండి బాటసారుల సంచులవైపు చూచుచుండును. చీకటి పడినచో ఆ సొగసంతయు మాయమై, ముందు దీపపు వెలుగు పడినంతమేర రోడ్డు మాత్రమే మిగులును.

కొన్ని యేండ్ల క్రిందట మా అన్నగారికి కాలి యెముక విరిగి హైదరాబాదులో కట్టు కట్టించితిమి. ఒక వానకాలపు దినమున ఆ కట్టు విప్పించుకొని, ఇరువురమును నా బండిమీద తిరుగుప్రయాణమైతిమి. బస్సులో కాలు చాపుకొన వీలుండదనియు, బండియే సుఖమనియు ఆయనయే పట్టుపట్టిరి. అప్పటికి ఆయన చేతికర్ర లేక పది యడుగులైనను వేయజాలరు. అడవి నడుమకు వచ్చునప్పటికి ప్రొద్దు క్రుంకి గంట దాటినది. అచ్చట ఒక యెక్కుడులో ఇంజను ఒకమారు దగ్గినది, మరల దగ్గినది, పిదప నీరసించినది. నాకు గుండె యదరలేదు. ఎడమచేయి తనంతట తానే ట్యాంకు క్రిందికి పోయి మీటను పట్టుకొన్నది. మీట అప్పటికే రిజర్వు వైపున నున్నది!

"రిజర్వుల వెట్టినవా తమ్మీ?" అని వెనుకనుండి అన్న అడిగిరి.

"అండ్లనే ఉన్నదన్నా" అంటిని.

జరిగిన దేమనగా, పది దినములకు ముందు మెదకులో బండి రిజర్వున పడినది. మీట త్రిప్పితిని. బంకునకు పోయి పెట్రోలు పోయించితిని. మీటను మరల యథాస్థానమునకు త్రిప్పుట మరచితిని. పది దినములు నా బండికి రిజర్వు అనునది లేనేలేదు. ఉన్నదని నేను నమ్మి తిరుగుచుంటిని.

అన్నగారు కొంచె మాలోచించి, "బండిని ఎడమ దిక్కుకు పండవెట్టు, మల్ల లేపు" అనిరి. ఆయన యౌవనమంతయు స్కూటరు మీద గడచినది. ఆ కాలపు స్కూటరువారికి ఈ వైద్యము కరతలామలకము. ఆయనను దింపి కర్రతో నిలువబెట్టి, బండిని ఎడమ ప్రక్కకు నేలదాక వంచి మరల లేపితిని. కిక్కు కొట్టగా ఇంజను మేలుకొన్నది. అడవి దాటి నర్సాపూరు దీపములు కంటబడువరకు వచ్చి మరల ఆగినది. ఈసారి ఎంత పండబెట్టినను ఫలము లేకపోయినది. మిగిలిన దూరము అన్నను సీటు మీద కూర్చుండబెట్టి నేనే నెట్టితిని. ఆయన దారిపొడవున నవ్వుచునే యుండిరి కాని నాకు మాత్రము నవ్వు రాలేదు.

పండబెట్టినచో పెట్రోలు ఎక్కడనుండి వచ్చినది? ఇది తెలిసినచో రిజర్వు సంగతి సగము తెలిసినట్లే. మోటారు సైకిలు ట్యాంకు పైనుండి చూచుటకు ఒకే పాత్రవలె కనబడును. కాని బండికి వెన్నెముక వంటి ఇనుప దూలము దాని క్రిందుగా పోవును. అందుచేత ట్యాంకు గుఱ్ఱపు జీనువలె ఆ దూలమునకు ఇరువైపుల దిగి కూర్చుండును. పెట్రోలు నిండుగా నున్నంతకాలము రెండు ప్రక్కలును ఒకటే. మట్టము తగ్గి దూలపు ఎత్తునకు దిగువకు వచ్చినప్పుడు అది రెండు వేరు గుంటలగును. పెట్రోలు దిగు మీట సాధారణముగా ఎడమ గుంట అడుగున నుండును. కుడి గుంటలోని పెట్రోలు దూలమును దాటి రాలేదు. ఎడమకు పండబెట్టినప్పుడు అది గట్టు పొర్లి ఇవతలికి వచ్చును. రిజర్వు అయిపోయిన పిమ్మటకూడ ఒకటి రెండు కిలోమీటర్లకు సరిపడు పెట్రోలు కొన్ని బండ్లలో ఇట్లు దొరకును. అన్నిటిలో దొరకదు, కొన్ని ట్యాంకులలో రెండు గుంటలను కలుపు సన్నని గొట్ట ముండును.

ఇక రిజర్వు. దీనినిగూర్చి యొక భ్రమ కలదు. ట్యాంకులో వేరొక చిన్న తొట్టి యున్నదనియు, మీట త్రిప్పగానే దాని మూత తెరచుకొనుననియు అనేకులు తలతురు. ఆ తొట్టిలోని పెట్రోలు ఏండ్ల తరబడి కదలక పాచిపోవునని భయపడువారును కలరు. అట్టి తొట్టి యేదియు లేదు. మీటకు పైన ట్యాంకులోనికి రెండు దారులుండును. ఒకటి నిలువుగా కొన్ని అంగుళముల యెత్తు లేచిన సన్నని గొట్టము. రెండవది అడుగుననే యున్న రంధ్రము. మీట మామూలు స్థానమున నున్నప్పుడు పెట్రోలు గొట్టపు పై మూతినుండి మాత్రమే దిగును. మట్టము ఆ మూతికంటె క్రిందికి పోగానే ప్రవాహ మాగును. మీటను రిజర్వునకు త్రిప్పినప్పుడు అడుగు రంధ్రము తెరచుకొనును. బావిలో రెండు చేదలు వ్రేలాడదీసి, ఒకదాని త్రాడు కురుచగా నుంచినట్లు. కురుచ త్రాటి చేదకు నీరందకపోయినంత మాత్రమున బావి యెండిపోలేదు. రిజర్వు అనగా గొట్టపు మూతికిని ట్యాంకు అడుగునకును నడుమనున్న పెట్రోలే. అంతకు మించి యేమియు లేదు. మనము నింపిన ప్రతిసారి అది క్రొత్త పెట్రోలుతో కలిసిపోవుచునే యుండును.

పెట్రోలు మట్టమును చూపు ముల్లులేని కాలమున ఇది బహు చక్కని యుపాయము. మోటారు సైకిళ్లకే కాదు, జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ బీటిల్ కారునకు సయితము 1960 ప్రాంతమువరకు మట్టపు ముల్లు లేక ఇట్టి మీటయే యుండెడిది. మన దేశమున 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డు వారి బుల్లెట్లు మొదలు, 1985లో వచ్చిన హీరో హోండా వారి 100 సీసీ బండ్లవరకు కోట్ల జనము ఈ మీటను నమ్ముకొని తిరిగిరి.

అయితే ఈ మీట తన సంగతి చెప్పు విధము మొరటైనది. ఇంజను ఆపియే చెప్పును. పైదారి యెండిన పిమ్మట కార్బ్యురేటరు గిన్నెలో మిగిలిన కొలదిపాటి పెట్రోలుతో ఇంజను కొన్ని క్షణములు నడచును, పిదప దగ్గును. మీట త్రిప్పిన వెంటనే బలము రాదు. గిన్నె మరల నిండవలెను. ఈలోపల బండి ఎక్కడ నుండును? తిన్నని రోడ్డున నున్నచో ఫరవాలేదు. చెరకు బండిని గాని లారీని గాని దాటుచు, ఎదురుగా బస్సు వచ్చుచుండగా ఇది జరిగినచో? రిజర్వు ఎంత దూరము పోవునని అడుగువారు రిజర్వు ఎప్పుడు పడునో అది కూడ తెలిసికొనవలెనని నేననుట ఇందుచేతనే. ట్యాంకు నింపిన దినమున కిలోమీటర్ల అంకెను గుర్తుంచుకొన్నవానికి రిజర్వు పడు వేళ సుమారుగా ముందే తెలియును; ఆ వేళకు లారీని దాటబోక వెనుకనే యుండును.

సరే, ఎంత దూరము? లెక్క చిన్న బాలుడును చేయగలడు. రిజర్వులో ఎన్ని లీటర్లున్నవో, లీటరునకు బండి ఎన్ని కిలోమీటర్లు పోవునో, ఆ రెంటిని గుణించిన చాలును. చిక్కంతయు ఈ రెండంకెలును మనకు తెలియకపోవుటలో నున్నది. రిజర్వు ఒక లీటరునుండి రెండు లీటర్లవరకు బండినిబట్టి మారును. తయారుచేసినవారు ఇచ్చిన చిన్న పుస్తకములో ఆ అంకె యుండును. పుస్తకము మన యిండ్లలో నుండదు. ఉన్నను, పాత బండి గొట్టము త్రుప్పు పట్టి విరిగినదో, మీట మార్పించినప్పుడు వేరు బండి మీట బిగించిరో ఎవరు చూచిరి? గొట్టము విరిగిన బండికి రిజర్వు ఉండదు. మామూలు దారియే అడుగువరకు త్రాగివేయును.

నేను చేసినది చెప్పెదను. బండి మామూలు స్థానమున దగ్గి ఆగువరకు నడపి, మా వీధి మెకానిక్కు దుకాణము ముందట, ఆరుబయట, స్టాండు వేసి నిలిపితిని. ఇంజను చల్లారిన పిమ్మట అతడు కార్బ్యురేటరునకు పోవు రబ్బరు గొట్టమును ఊడదీసి, మీటను రిజర్వునకు త్రిప్పి, లీటరు గీతలుగల పాత్రలో పెట్రోలును పట్టెను. ఈ పనిని ఇంటిలోపల చేయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలమీద పాకి పోయి దూరముననున్న పొయ్యినో దీపమునో అందుకొనగలదు. మా మెకానిక్కు చెవి వెనుక బీడీ యుండినది. దానిని నేను ముందు తీసికొని జేబులో వేసికొంటిని. అతడు నన్ను పిరికివానిగా నెంచెను. అందుకు నాకు చింతలేదు.

పాత్రలో పడినది 1 లీటరు 150 మిల్లీ లీటర్లు. అడుగున చిటికెడు త్రుప్పు, ముత్యమువలె దొర్లు కొన్ని నీటి బిందువులు. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగునకు చేరును; అడుగు రంధ్రపు దారిలోనికి మొదట పోవునది అదియే. రిజర్వున పడిన వెంటనే కొన్ని పాత బండ్లు మరింత దగ్గుటకు కారణ మిదియే గాని రిజర్వు పెట్రోలు పాతదగుట కాదు.

రెండవ యంకె లీటరునకు పోవు దూరము. ట్యాంకు మెడవరకు నింపి, కనీసము 200 కిలోమీటర్లు తిరిగి, మరల అదే గుర్తువరకు నింపి, రెండవమారు పోసిన లీటర్లతో తిరిగిన దూరమును భాగింపవలెను. నా బండి నే నొక్కడనే 50 వేగమున పోయినచో 52 కిలోమీటర్లు వచ్చినది. ఇద్దరము కూర్చుండి 70 వేగమున పోయినచో 45 మాత్రమే. వేగ మెక్కువైనకొలది గాలి అడ్డుపడు బలము వేగపు వర్గము చొప్పున పెరుగును. 50 వేగమునకంటె 80 వేగమున గాలితో పోరు రెండున్నర రెట్లు. చక్రములలో గాలి తగ్గినను, గొలుసు బిగిసినను, వెనుక బియ్యపు బస్తా కట్టినను అంకె పడిపోవును.

పెట్రోలు సంగతియు ఒకటి చెప్పవలసి యున్నది. 2025 నాటికి మన దేశమంతట బంకులలో వచ్చు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలిసినది. లీటరు ఎథనాలులోని వేడిమి లీటరు పెట్రోలులోని దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. కావున కలిపిన లీటరులో నూటికి ఆరేడు పాళ్ల వేడిమి తక్కువ. మేనమామ బండి పదియేండ్ల క్రిందట పోయిన దూరము నేడు మన బండి పోకపోవుటలో వింత లేదు. ఎథనాలు నీటిని పీల్చుకొను గుణము కలది. నీరు మితిమీరినచో అది పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగునకు దిగును. నెలల తరబడి నిలిపియుంచిన బండిని రిజర్వులో ప్రారంభించుట కావుననే మంచిది కాదు.

దూరము సున్నయై పెట్రోలు మాత్రము ఖర్చగు దినములును కలవు. 1924లో ప్రతిష్ఠితమైన మెదకు చర్చికి డిసెంబరు 25న వచ్చు జనసందోహములోను, మహాశివరాత్రికి ఏడుపాయల జాతరలోను, ఇంజను ఆపక అడుగులో అడుగు వేయుచు గంట సేపు నిలిచినవానికి గుణకారము పనికిరాదు. అట్టిచోట ఇంజను ఆపవలెను.

ఇక క్రొత్త బండ్లు. 2020 ఏప్రిలు 1నుండి కాలుష్య నియమములు బిగిసినవి. నాటినుండి వచ్చిన బండ్లలో చాలవాటికి కార్బ్యురేటరు పోయి, పెట్రోలును చిమ్ము పద్ధతి వచ్చినది. వీటికి మీట లేదు. ట్యాంకులోపల తేలు బెండొకటి మట్టముతోపాటు దిగుచు, ముందట నున్న పలకమీద గీతలను తగ్గించును. చివర ఒక గీత గాని దీపము గాని మినుకు మినుకుమనును. దానినే జనులు పాత యలవాటున రిజర్వు అందురు. ఇది మీట వంటిది కాదు. మీట ఆపి చెప్పును. దీపము మినుకరించి ఊరకుండును, మనము చూడకపోయిన నడుగదు. ఎక్కుడులో పెట్రోలు వెనుకకు జరిగి మినుకుమన్న దీపము దిగుడులో ఆరిపోవును. దానిని జూచి పెట్రోలు పెరిగినదని సంతోషించిన వారిని నేనెరుగుదును. మరియు ఈ బండ్లలో పెట్రోలును తోడు పంపు ట్యాంకులోనే మునిగి యుండును. దాని వేడిమిని చల్లార్చునది ఆ పెట్రోలే. చివరి చుక్కవరకు నడపుట అలవాటు చేసికొన్నచో పంపు చెడును, దానిని మార్పించు ఖర్చు చాల ట్యాంకుల పెట్రోలునకు సమానము. పండబెట్టి లేపు మా అన్నగారి వైద్యమును వీటిపై నమ్ముకొనరాదు. పడిపోయిన బండికి ఇంజను ఆపు ఏర్పాటు వీటిలో అనేకమునకు కలదు.

ఒక మేలు మాత్రము కలదు. ఈ పద్ధతి బండ్లలో, గేరులో నుండగా పిడిని పూర్తిగా వదలి దిగుడు దిగినచో, ఆ కాసేపు ఇంజనులోనికి పెట్రోలు పోవుట సాధారణముగా నిలిచిపోవును. పెట్రోలు మిగులునని గేరు తీసి దిగువారు మిగుల్చున దేమియు లేదు. బండిమీద పట్టు మాత్రము పోగొట్టుకొందురు.

నా లెక్క ఇట్లు తేలినది. ఇద్దరముండగా 1.15 లీటర్లను 45 పెట్టి గుణించిన సుమారు 52 కిలోమీటర్లు. మెదకునుండి నర్సాపూరు సుమారు 45. రామాయంపేట సుమారు 20. కాగితముమీద నర్సాపూరును అందుకొనవచ్చును. నేను మాత్రము 52లో సగమునే, అనగా 26నే నాదిగా నెంచెదను. ఏలయన, రాత్రి పది దాటిన పిమ్మట చేరిన బంకు మూసియుండవచ్చును, ఎదురుగాలి వీచవచ్చును, దారిలో వంతెన పని జరిగి చుట్టు త్రిప్పి పంపవచ్చును. మూసిన బంకు ముందట నిలిచినవానికి మరొక బంకు వరకు పోవు పెట్రోలు మిగిలి యుండవలెను గదా. ఆ లెక్కన రిజర్వుతో రామాయంపేటకు బయలుదేరుదును, నర్సాపూరునకు బయలుదేరను. ఈ 26 అను అంకెను ప్రక్కమూత లోపల తెల్లరంగుతో వ్రాసికొంటిని.

బంకులో పెట్రోలు పోయించునప్పుడు ట్యాంకు మూత బిగించుటకు ముందే మీటను మామూలు స్థానమునకు త్రిప్పెదను. మూత బిగించిన పిమ్మట అనుకొన్నచో డబ్బు చెల్లించు తొందరలో మరపు వచ్చును. అన్నగారి కాలు ఇప్పుడు బాగైనది. అయినను నా బండి వెనుక ఎక్కుటకు ముందు వంగి, ఎడమచేతితో ఆ మీటను తడిమి చూచుకొనిగాని ఆయన ఎక్కరు.